పాతిక గ్యాలన్ల సంసారం

ఆష్‌బర్న్‌లో మన తెలుగువాళ్ళు ఇల్లు కొంటే ఎవరూ ఆశ్చర్యపోరు. డెక్ వేయించినా, బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ పెట్టించినా ఎవరూ ఏమీ అనుకోరు. నేనూ, ఇంకో స్నేహితుడూ కలిసి 1983 నాటి 30 అడుగుల తెరచాప పడవ కొన్నామని చెప్పినప్పుడు మాత్రం పాట్‌లక్‌లో అందరూ మా వంక అదోలా చూశారు. "ఈతొచ్చా మీకు?" అని ఒకావిడ అడిగేసింది కూడా.

పడవ ఆష్‌బర్న్‌లో ఉండదు లెండి. గంటన్నర దూరంలో, అనాపొలిస్‌కి దక్షిణాన, చెసపీక్ బే ఒడ్డున ఓ మెరీనాలో ఉంటుంది. వారమంతా సర్వర్లూ, డెడ్‌లైన్లూ అని కొట్టుకునేవాడికి శనివారం తెరచాప విప్పితే వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం.

ఆ పడవలో వంటగదిని గ్యాలీ అంటారు. మన పూజగది అంత ఉంటుంది. రెండు బర్నర్ల పొయ్యి, ఐస్ పెట్టె, చిన్న సింకు, దానిమీద పడవ వయసే ఉన్న ఓ ఇత్తడి కుళాయి. కొన్నప్పటినుంచీ అది కారుతూనే ఉంది. ఇంట్లో కుళాయి కారితే మనం ఏమంటాం? "ఈ వీకెండ్ చూద్దాం" అంటాం. నేనూ అదే అన్నాను, రెండేళ్ళపాటు.

కిందటేడు జూలైలో మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. అమ్మ, మా ఆవిడ, పదహారేళ్ళ మా అమ్మాయి, నేను రోడ్ రివర్‌లో లంగరు వేసుకుని ఆ రాత్రికి పడవలోనే పడుకున్నాం. అర్ధరాత్రి అమ్మ నన్ను తట్టి లేపింది.

"ఏందిరా ఆ చప్పుడు? ఏదో మోటారు ఆడతా ఉంది."

"పడవలో అవన్నీ మామూలేలే అమ్మా, పడుకో" అన్నాను నిద్రమత్తులో.

తెల్లారి కాఫీకి కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఇంజను స్టార్ట్ చేద్దామంటే టిక్కుమని కూడా అనలేదు. ఆకు కదలడం లేదు కాబట్టి తెరచాపలూ దండగే. తెచ్చుకున్న నీళ్ళ బాటిళ్ళు రాత్రే అయిపోయాయి. టాంకులో 25 గ్యాలన్లు ఉన్నాయి కదా అన్న ధీమా! చుట్టూ కనుచూపు మేరా నీళ్ళే, అన్నీ ఉప్పగా ఉండేవే. అమ్మ బీపీ మాత్ర వేసుకోవాలి.

అప్పుడు అమ్మ తన తలగడ పక్కనుంచి మూత పెట్టిన స్టీలు చెంబు తీసింది. మాది కనిగిరి వైపు. అక్కడి నేలలో నీళ్ళకి ఫ్లోరైడ్ జబ్బుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ సంగతిని వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. మంచినీళ్ళ బిందె కోసం మైళ్ళు నడిచినావిడ, చెంబు నింపుకోకుండా ఏ ఇంట్లోనూ పడుకోదు. ఆ చెంబుతో అమ్మ మాత్ర వేసుకుంది, మేం తలో రెండు గుక్కలు తాగాం. రేడియోలో పిలిస్తే పక్క పడవ పెద్దాయన ఒకరు వచ్చి, బ్యాటరీకి ఊపిరి పోసి పంపారు.

ఇంతకీ జరిగిందేమిటంటే, పడవలో నీళ్ళని టాంకులోంచి ఓ 12 వోల్టుల పంపు తోస్తుంది. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి పంపు తనంతట తనే ఆడుతుంది, కట్టేస్తే ఆగుతుంది. అంతకు ముందు చలికాలం నేను పైపులు సరిగా ఖాళీ చెయ్యలేదు. కుళాయిలో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి, సింకు కింద కనబడని చోట దానికి చీలిక తెచ్చాయి. ఆ రాత్రి అది పెద్దదయింది. నీళ్ళు పడవ అడుగున చేరాయి. అక్కడి పంపు, తన పని తాను చేస్తూ, వాటిని బేలోకి తోసేసింది. ఒకటి టాంకులోంచి లాగడం, ఇంకోటి బయటికి పోయడం, తెల్లవార్లూ ఇదే! బ్యాటరీ స్విచ్ నేను 'రెండూ' అన్నచోట వదిలేశాను గనక, ఇంజనుకోసం దాచిన కరెంటూ ఖర్చయిపోయింది.

అసలు కుళాయి చుక్కని మనం తక్కువగా చూస్తాం. సెకనుకి ఒక్క చుక్క కారితే ఏడాదికి 3,000 గ్యాలన్లకు పైగా పోతాయని ఇ.పి.ఏ. లెక్క. అంటే మా టాంకు మూడు రోజుల్లో ఖాళీ. ఆష్‌బర్న్‌లో ఆ చుక్క నీళ్ళ బిల్లులో ఎక్కడో కలిసిపోతుంది. పడవలో అలా కలిసిపోదు, మంచినీళ్ళు లేకుండా చేస్తుంది.

మరుసటి శనివారమే పని మొదలెట్టాం. పంపు స్విచ్ ఆర్పి, కుళాయి తెరిచి ఒత్తిడి వదిలాక, సింకు కింద వెల్లకిలా పడుకుని దూరబోతే నా భుజాలు పట్టలేదు. మా అమ్మాయి దూరింది. నట్లు పచ్చగా చిలుము పట్టి బిగుసుకుపోయాయి. నూనె పోసి వారం ఆగినా పానాకి లొంగలేదు. చివరికి రంపపు బ్లేడుతో కోసింది. కింద నుంచే కబుర్లు: "నాన్నా, తారిణి పడవలో వాళ్ళే రిపేర్లు చేసుకున్నారు, తెలుసా?" 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 56 అడుగుల తెరచాప పడవలో భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ వనితల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. ఈ సంగతి మా పిల్లకి తెలుసని నాకు తెలియదు.

కొత్త కుళాయి కొనేటప్పుడు రెండు విషయాలు చూశాం. ఒకటి సీసం. పాత రోజుల ఇత్తడిలో సీసం బాగానే కలిపేవారు. 2014 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం, తాగునీళ్ళు తగిలే భాగాల్లో సగటున 0.25 శాతం మించకూడదు. రెండోది ధార. ఇంటి కుళాయి నిమిషానికి 2.2 గ్యాలన్లదాకా ఇవ్వచ్చు. అలా వదిలితే మా టాంకు పదకొండు నిమిషాలు వస్తుంది. అందుకని సన్న ధారది తీసుకున్నాం. పెళుసెక్కిన పాత ప్లాస్టిక్ పైపులూ మార్చేశాం. సింకు అంచుకి శాశ్వతంగా అతుక్కుపోయే జిగురు వాడలేదు. ఎప్పుడో మళ్ళీ ఎవరో విప్పాలి కదా!

కుళాయి పక్కనే, అమ్మ పట్టుబట్టడంతో, కాలితో తొక్కే పంపు కూడా పెట్టాం. దానికి కరెంటు అక్కర్లేదు. తొక్కితే నీళ్ళు, ఆపితే లేవు. "మా ఊరి బోరింగే కదరా ఇది!" అంది అమ్మ, నాలుగుసార్లు తొక్కి చెంబు నింపుకుంటూ.

ఇండియా వెళ్ళేముందు, సెప్టెంబరులో మరోసారి మాతో పడవలో పడుకుంది. అర్ధరాత్రి మళ్ళీ తట్టి లేపింది. "మోటారు స్విచ్చి ఆర్పావా?"

ఆర్పాననే గుర్తు. అయినా ఈసారి పడుకోమనలేదు. లేచి వెళ్ళి చూసొచ్చాను.