గీజరులో నీళ్ళు వేడెక్కకపోతే ఎక్కడ వెతకాలి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సార్ చెప్పగానే చాలామంది మిత్రులు కవితలు, కథలు మొదలుపెట్టారు. నాకు అవి రావు. నేను ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ చదువుతూ, సెలవుల్లో మా మేనమామ వెంట వైరింగు పనులకు వెళ్తుంటాను. అందుకే తెలిసిన పని గురించే రాస్తున్నాను. మన ఊళ్ళలో పొయ్యి మీద కాగు పెట్టి నీళ్ళు కాచుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కాని పట్నంలో అద్దె గది తీసుకున్నా, ఆస్పత్రిలో రోగికి తోడుగా ఉన్నా గీజరు కనిపిస్తుంది. ఆదిలాబాద్, లంబసింగి వంటి చోట్ల చలికాలం తెల్లవారుజామున దాని విలువ బాగా తెలుస్తుంది. అది పని చేయకపోతే ఇంట్లోవాళ్ళు కంగారుపడి కొత్తది కొనడానికి బయలుదేరతారు. చాలాసార్లు ఆ అవసరం ఉండదు.

ముందుగా లోపల ఏముందో తెలుసుకుందాం. గీజరు అంటే చుట్టూ వేడి బయటకు పోకుండా నురుగు కప్పిన ఒక ట్యాంకు. దాని అడుగున చన్నీళ్ళ పైపు ఉంటుంది. వేణ్ణీళ్ళు తేలికై పైకి చేరతాయి కాబట్టి, బయటకు పంపే పైపు కొస లోపల పైదాకా ఉంటుంది. మధ్యలో ఎలిమెంటు. మనవాళ్ళు కాయిలు అంటారు. రాగి గొట్టం లోపల నిక్రోమ్ తీగ, ఆ తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. దాని పక్కనే థర్మోస్టాట్. నీళ్ళు అనుకున్నంత వేడెక్కగానే కరెంటు ఆపి, చల్లబడగానే మళ్ళీ ఇస్తుంది. ఒకవేళ థర్మోస్టాట్ అతుక్కుపోయి కరెంటు ఆపకపోతే, నీళ్ళు మరిగిపోకముందే ఆపడానికి కటౌట్ అని మరొకటి ఉంటుంది. కరెంటు ఈ మూడింటి గుండా వరుసగా వెళ్ళాలి. ఏ ఒక్కటి తెగినా నీళ్ళు చల్లగానే ఉంటాయి.

చెడిపోయిందని తేల్చేముందు ఒక లెక్క వేయాలి. మనం పదో తరగతిలో విశిష్టోష్ణం చదివాం కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. 15 లీటర్ల గీజరులో నీళ్ళు 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు రావాలంటే 15 ని 35 తో గుణిస్తే 525 కిలో కేలరీలు, అంటే సుమారు 2,205 కిలోజౌళ్ళు. ఎలిమెంటు 2,000 వాట్లది. సెకనుకు 2 కిలోజౌళ్ళు ఇస్తుంది కాబట్టి దాదాపు 18 నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాల్లో బకెట్టు పట్టి "వేడి కాలేదు" అంటే అది గీజరు తప్పు కాదు.

ఇక లో వోల్టేజీ సంగతి. ఇది మన పల్లెల్లో అందరికీ అనుభవమే. ఎలిమెంటు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులకు 2,000 వాట్లిచ్చే ఎలిమెంటు 180 వోల్టులకు 1,225 వాట్లే ఇస్తుంది. 18 నిమిషాల పని 30 నిమిషాలవుతుంది. సాయంత్రం బాగా కాగే గీజరు అందరూ మోటార్లు వేసే పొద్దుట పూట మొరాయిస్తోందంటే అనుమానించవలసింది లైనునే.

అసలు వెచ్చబడటమే లేదంటే మొదట కరెంటు వస్తోందో లేదో చూడాలి. గీజరుకు 8.7 ఆంపియర్ల కరెంటు కావాలి. అందుకే దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు పెడతారు. ప్లగ్గు వదులుగా ఉంటే ఆ కొద్ది సందులోనే వేడి పుట్టి పిన్ను నల్లబడుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. విద్యుత్ ప్రవాహం వల్ల పుట్టే ఉష్ణానికి 1841లో జౌల్ చెప్పిన నియమం ఎలిమెంటులో మనకు మేలు చేస్తుంది, వదులు ప్లగ్గులో కీడు చేస్తుంది. నల్లబడిన సాకెట్టును మార్చాల్సిందే, గీకి వాడకూడదు.

ఇక్కడ టెస్టరును నమ్మి మోసపోయేవాళ్ళు ఎక్కువ. టెస్టరు వెలిగితే ఫేజు ఉందని మాత్రమే తెలుస్తుంది, న్యూట్రల్ సంగతి తెలియదు. ఒకసారి పట్నంలో ఒక ఇంటికి మా మామయ్యను పిలిచారు. అంతకుముందు వచ్చిన మెకానిక్కు టెస్టరు పెట్టి, రెండు వైపులా వెలుగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉంది, లోపల సరుకంతా పోయింది, కొత్తది కొనండి అని చెప్పి వెళ్ళాడట. మామయ్య నవ్వి, "ఒరేయ్, రెండు వైపులా వెలిగిందంటే కాయిలు బాగుందనేరా అర్థం" అన్నాడు. ఫేజు ఎలిమెంటు గుండా దాటి అవతలి కొసకు వచ్చింది. న్యూట్రల్ వైరు ఎక్కడో ఊడింది. వెతికితే గోడలోని జంక్షన్ పెట్టెలో దొరికింది. బిగించాక ఆ ఇంటి పెద్దామె కాఫీ ఇచ్చింది. కొత్త గీజరు డబ్బు మిగిలింది. అందుకే టెస్టరు కంటే అదే సాకెట్టుకు ఇస్త్రీపెట్టె తగిలించి చూడటం మేలు. అది వేడెక్కితే అక్కడిదాకా ఫేజూ న్యూట్రల్ రెండూ ఉన్నట్టే.

సాకెట్టు బాగుంటే గీజరు లోపల చూడాలి. మూత విప్పేముందు మెయిన్ ఆపాలి. ఒక్క స్విచ్చి ఆపి ఊరుకోకూడదు. కొన్ని ఇళ్ళలో స్విచ్చిని పొరపాటున న్యూట్రల్‌కు కలిపి ఉంటారు, అప్పుడు స్విచ్చి ఆపినా లోపల ఫేజు అలాగే ఉంటుంది. ప్లగ్గు కూడా పీకేశాక మల్టీమీటరుతో చూడాలి. వైరు విప్పి ఎలిమెంటు రెండు కొసల మధ్య కొలిస్తే సుమారు 26 ఓములు రావాలి. 230 వర్గాన్ని 2,000 తో భాగిస్తే వచ్చేది అదే. అంతు లేకుండా చూపిస్తే తీగ తెగినట్టు. తరువాత ఒక కొసకూ గీజరు బాడీకీ మధ్య చూడాలి. ఇక్కడ మీటరు కదలకూడదు. కదిలితే ఎలిమెంటు కరెంటు లీకు చేస్తోందని అర్థం. ఆర్.సి.సి.బి. ఉన్న ఇంట్లో వేయగానే అది ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి దాన్ని తప్పించి నేరుగా కలిపేవాళ్ళున్నారు. అంతకంటే ప్రమాదం లేదు, ఎందుకంటే 30 మిల్లీఆంపియర్ల లీకుకే అది ఆపేది మన గుండెను కాపాడటానికి.

ఎలిమెంటు బాగుంటే థర్మోస్టాట్, కటౌట్ మిగులుతాయి. చల్లగా ఉన్నప్పుడు రెండూ కరెంటును పోనివ్వాలి. కొన్ని కటౌట్లకు చిన్న బొత్తాం ఉంటుంది, నొక్కితే మళ్ళీ కలుస్తుంది. కాని ఒకసారి నొక్కాక మళ్ళీ విడిపోతే ఇంకా నొక్కుతూ కూర్చోకూడదు. థర్మోస్టాట్ ఆగడం లేదేమో, ట్యాంకులో నీళ్ళు లేవేమో చూడాలి. ఈ భాగాలు విడిగా దొరుకుతాయి. కొత్త గీజరు ధర ముందు వాటి ధర చాలా తక్కువ.

బోరు నీళ్ళ ఊళ్ళలో ఎలిమెంటు ఎందుకు తరచు పోతుందో రసాయన శాస్త్రంలో ఉంది. నీళ్ళలోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటు అవుతుంది. అదే ఎలిమెంటు మీద తెల్లగా పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టాక కరెంటు ఎక్కువ కాలుతుందని అందరూ అంటారు. నాకు అది పూర్తిగా సరికాదనిపిస్తుంది. ఎలిమెంటు నీళ్ళ నడుమే ఉంది, వేడి ఎటూ పోదు, నీళ్ళకే చేరాలి. కాని పెచ్చు అడ్డం ఉండటం వల్ల ఎలిమెంటు తానే ఎక్కువగా కాలి తొందరగా తెగిపోతుంది. పక్కనున్న థర్మోస్టాట్ ఆ కాకకు మోసపోయి ముందే ఆగిపోతే నీళ్ళు గోరువెచ్చగానే ఉండిపోతాయి. గీజరు లోపల టపటపమని చప్పుడు వస్తుంటే పెచ్చు పేరుకుందని అనుకోవచ్చు. అలాంటి ఊళ్ళలో ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించడం మంచిది.

గీజరు బాగుండి కూడా కుళాయిలో చన్నీళ్ళు వచ్చే సందర్భాలున్నాయి. కొత్తగా బిగించినప్పుడు రెండు పైపులు తారుమారైతే చన్నీళ్ళు పైనుంచి పడి వేణ్ణీళ్ళతో కలిసిపోతాయి. ఒకే పిడితో వేడీ చల్లా కలిపే కుళాయి లోపల పాడైతే చన్నీళ్ళు వేణ్ణీళ్ళ దారిలోకి చొరబడతాయి. గీజరు కింద చన్నీళ్ళ వాల్వు కట్టేసి వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు కూడా ధార ఆగకుండా వస్తే దొంగ కుళాయిలోనే ఉన్నాడు.

ఇప్పుడు తమ్ముళ్ళకు ముఖ్యంగా చెప్పవలసిన మాట. గీజరు ఆగిన రోజు అందరి చెయ్యీ రాడ్డు మీదకే పోతుంది. ఇనుప బకెట్టులో రాడ్డు వేయకూడదు. కరెంటు ఉండగా నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూడకూడదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, ఆ తరువాతే రాడ్డు తీయాలి. గదుల్లో కొందరు రెండు వైర్లకు రేకులు కట్టి నీళ్ళలో వేసే హీటరు తయారు చేస్తారు. అందులో కరెంటు నీళ్ళలోనే పారుతుంది, ఆ నీళ్ళను ముట్టుకోవడమంటే వైరును ముట్టుకోవడమే. పక్క మంచం వాడు చేస్తుంటే చూస్తూ ఊరుకోకండి, వార్డెన్ సారుకు చెప్పండి. తిట్టుకుంటాడు, పరవాలేదు, మనిషి ఉంటాడు.

కొత్త గీజరు కొనవలసివస్తే ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పక్కన ఐ.ఎస్. 2082 అన్న సంఖ్య ఉన్నాయేమో చూసుకోవాలి. ఇంట్లో ఎర్తు సరిగా ఉందో లేదో ముందే పరీక్ష చేయించాలి. పాతదాన్నే బాగుచేస్తే, మూత బిగించాక వెంటనే స్విచ్చి వేయకూడదు. వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి ఉంచి, గాలంతా పోయి ధార నిండుగా వచ్చేదాకా ఆగాలి. అప్పుడే ట్యాంకు నిండినట్టు. ఖాళీ ట్యాంకులో వేస్తే ఆ పొద్దున వేసిన కొత్త ఎలిమెంటు ఆ పొద్దునే కాలిపోతుంది.