మంచుకొండ మీద ‘ఏమీ లేదు’ అనకండి

మార్చి నెలలో మన వైపు ఎండలు ముదురుతుంటే ఉత్తరాఖండ్ కొండల మీద ఇంకా మంచు గడ్డకట్టి ఉంటుంది. కిందటి మార్చిలో మా ఆసుపత్రి నర్సులం ఆరుగురం ఉత్తరకాశీ జిల్లాలోని కేదార్‌కంఠ ఎక్కడానికి వెళ్ళాము. దాని ఎత్తు సుమారు 12,500 అడుగులు.

డెహ్రాడూన్ నుండి జీపులో సాంక్రీ అనే ఊరు చేరి, అక్కడి నుండి నడిచాము. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర, రెండవ రాత్రి శిఖరం కింద బేస్ క్యాంపులో గుడారాలు వేశారు. ఆ రోజుల్లో మంచు తెల్లవారుజామున గాజులా గట్టిగా ఉండి కాలు జారుతుంది. మధ్యాహ్నానికి ఎండకు మెత్తబడి కాలు దిగబడుతుంది. అందుకే చీకటితోనే, షూలకు ఇనుప ముళ్ళు తొడుక్కుని బయలుదేరతారు.

బేస్ క్యాంపులో మా అందరిలో చిన్నదైన సిస్టర్ అన్నం ముట్టలేదు. “ఏమీ లేదు మేడమ్, అలసటంతే” అంది. మేమూ నమ్మాము. వార్డులో రోగి ఒక్క పూట తినకపోతే నాలుగు ప్రశ్నలు వేసేవాళ్ళం, మా పిల్లను మాత్రం ఒక్కటీ అడగలేదు. అర్ధరాత్రి వాంతి అయ్యాక నిజం చెప్పింది. “మధ్యాహ్నం నుండి తల పగిలిపోతోంది మేడమ్. చెబితే అందరి ప్రయాణం చెడుతుందని ఊరుకున్నాను.”

ఇది ఎత్తు వల్ల వచ్చే జబ్బు. సుమారు 8,000 అడుగులు దాటాక గాలి పలచబడి ఒంటికి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. వయసులో ఉన్న ఆరోగ్యవంతులకూ వస్తుంది. లెక్కచేయక ఇంకా పైకి వెళితే మెదడు వాచవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అప్పుడు ప్రాణానికే ముప్పు.

గైడ్ ఆమెను ఒక పాదం మడమ రెండవ పాదం వేళ్ళకు ఆనిస్తూ తిన్నగా నడవమన్నాడు. తూలలేదు, మాట తడబడలేదు, ఆయాసం లేదు. తూలి ఉంటే ఆ చీకట్లోనే దించవలసి వచ్చేది. తెల్లవారేవరకు గంటగంటకూ అలాగే పరీక్షించాము. నలుగురు శిఖరానికి వెళ్ళారు. తలనొప్పి తగ్గనందున, వెలుగు రాగానే ఒక గైడ్‌ను తోడు తీసుకుని మేమిద్దరం కిందికి దిగాము. చెరువు దగ్గరకు వచ్చేసరికి ఆమెకు తల తేలికపడింది. తానే టీ అడిగి తాగింది.

మీ పిల్లలు మంచుకొండలకు వెళుతుంటే ఇవి చెప్పి పంపండి:

1. తలనొప్పి దాచకూడదు. అది తగ్గేవరకు పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే దిగిపోవాలి.

2. తూలినా, తికమకగా మాట్లాడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఏ వేళైనా వెంటనే కిందికి దించాలి.

3. మద్యం చలి ఆపదు. ఒంటి వేడిని ఇంకా పోగొడుతుంది.

4. చలికి తిమ్మిరెక్కి తెల్లబడిన వేళ్ళను రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. తడి మేజోళ్ళు తీసి పొడివి తొడగాలి.

5. మంచు మీద ఎండ కళ్ళను దెబ్బతీస్తుంది. నల్లకళ్ళద్దాలు తప్పనిసరి.

6. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ముందుగా డాక్టరును సంప్రదించాలి.

తన వల్ల మేము శిఖరం చూడలేదని ఆ సిస్టర్ దారంతా బాధపడింది. ముందే అడగనందుకు మేమూ బాధపడ్డాము. ఇప్పుడు రౌండ్లలో ‘ఏమీ లేదు’ అన్న రోగి మంచం దగ్గర మేమిద్దరం ఇంకాస్త సేపు నిలబడుతున్నాము.