ఊరు మారాక ఏ చర్చికి?

అపోహ: ఊళ్లో ఏ మిషన్ చర్చిలో పెరిగామో, హైదరాబాద్‌లోనూ అదే బోర్డున్న చర్చికి వెళ్తే సొంతింటికి వెళ్లినట్టే.

బోర్డు చెప్పేది చరిత్ర మాత్రమే. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు రావడంతో అక్కడ లూథరన్ సంఘం మొదలైంది. ఒంగోలు వైపు బాప్టిస్టులు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలోనే. మెదక్‌లో వెస్లియన్లు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు. మిషన్లు చాలావరకు ప్రాంతాలు పంచుకుని పనిచేశాయి కాబట్టి మన తాతలు లూథరన్లో బాప్టిస్టులో అయింది సిద్ధాంతాలు పోల్చి చూసుకుని కాదు, దగ్గర్లో ఉన్నది ఆ మిషన్ గనుక. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు మెదక్, దోర్నకల్ ఒక గొడుగు కిందికి వచ్చాయి. లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. ఇంత చరిత్ర ఉన్నా, ఒకే చర్చిలో పొద్దున జరిగే ఇంగ్లీషు ఆరాధనా తర్వాత జరిగే తెలుగు ఆరాధనా రెండు వేరువేరు సంఘాల్లా ఉండొచ్చు. ఎవరు పలకరిస్తారన్నది బోర్డు మీద రాసి ఉండదు.

అపోహ: చర్చి గుమ్మం దాటితే కులం ఉండదు.

ఉండకూడదని వాక్యం. ఉందన్నది అనుభవం. సామూహికంగా బాప్తిస్మాలు జరిగిన రోజుల్లో పేటలకు పేటలే కదిలాయి. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, ఇంకొన్ని చోట్ల సంఘమంతా మాలలు. ఆ గీతలు ఆరాధనలో కనబడవు. పెళ్లి సంబంధాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర బయటపడతాయి. కొత్తగా వచ్చినవాళ్లను “వందనాలండీ, మీదే ఊరు? ఇంటిపేరేంటి?” అని అడగడంలో చాలాసార్లు ఉండేది ఆప్యాయతే, కొన్నిసార్లు ఆరా. ఈ సంగతి తెలియని మనిషి, ఎవరూ కలుపుకోకపోతే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఇది నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది.

అపోహ: వాక్యం బాగా చెప్పే అయ్యగారు దొరికితే చర్చి దొరికినట్టే.

మంచి ప్రసంగం యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. పైగా సీఎస్‌ఐ లాంటి సంఘాల్లో అయ్యగార్లకు బదిలీలుంటాయి. అయ్యగారు మారినా మిగిలేవాళ్లు, ఈ వారం ఎందుకు రాలేదని అడిగేవాళ్లు గృహ కూడికల్లో, స్త్రీల సమాజంలో, క్వయిర్‌లో తయారవుతారు.

అపోహ: మొదటి ఆదివారమే తేలిపోతుంది.

తేలదు. సీఎస్‌ఐ చర్చిలో పెరిగిన మనిషి సువార్తికుడు బఖ్త్ సింగ్ 1950లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన హెబ్రోను లాంటి సహవాసానికి వెళ్తే బెంచీలుండవు, చాపల మీద కూర్చోవాలి. అచ్చువేసిన ఆరాధన క్రమం ఉండదు, రొట్టె విరవడం ప్రతి ఆదివారమూ ఉంటుంది. అలవాటు పడటానికే కొన్ని వారాలు కావాలి. ప్రభు భోజన సంస్కారం ఉండే ఆదివారం ఒకటి, మామూలు ఆదివారం ఒకటి, వీలైతే ఒక గృహ కూడిక చూశాకే మాట్లాడాలి.

అపోహ: ఏళ్ల తరబడి వెళ్తున్నాం కాబట్టి సభ్యులమే.

పాత మిషన్ సంఘాల్లో రిజిస్టరులో పేరుండాలి. ఈ తేడా పిల్ల పెళ్లికి చర్చిలో ప్రకటనలు చదివించాల్సి వచ్చినప్పుడో, ఇంట్లో పెద్దాయన పోయి సమాధి స్థలం అడగాల్సి వచ్చినప్పుడో తెలిసొస్తుంది. స్వతంత్ర సంఘాల్లో పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. ఊరు వదిలేటప్పుడే పాత సంఘం అయ్యగారి దగ్గర ఉత్తరం, బాప్తిస్మ పత్రం నకలు తీసుకుంటే సరి.