తోటకూ కావలి, తమ్ముడికీ కావలి

ఏదెను తోట నాటి, అందులో ఆదామును ఉంచిన దేవుడు అతనికి రెండు పనులు అప్పగించాడు. తోటను సేద్యపరచడం ఒకటి, దాన్ని కాయడం మరొకటి (ఆది 2:15). మొదటి పని మనకు బాగానే వంటబట్టింది. అడవులు నరికి పొలాలు చేశాం, పొలాలు చదును చేసి ప్లాట్లు వేశాం. రెండోదే మరిచిపోయాం. 'కాయడం' అన్నచోట హెబ్రీ మూలంలో ఉన్న పదం 'షమర్'. తమ్ముడు హేబెలు ఎక్కడని దేవుడు అడిగితే, అతనికి కావలి ఉండడం నా పనా అన్నట్టు కయీను దబాయించిన సందర్భంలోనూ ఇదే పదం కనిపిస్తుంది (ఆది 4:9). అంటే తోటను కాయడం, తోబుట్టువును కాయడం వేర్వేరు బాధ్యతలు కావు. ఆ రెండూ ఒక్కచోట కలిసిన పరీక్ష నేడు మన దేశంలోనే, గ్రేట్ నికోబార్ ద్వీపంలో మన ముందుంది.

దేశపు దక్షిణపు కొస ఇందిరా పాయింట్ ఈ దీవిలోనే ఉంది. 900 చదరపు కిలోమీటర్లకు పైబడిన దీవిలో అధికభాగం వర్షారణ్యమే. 2013లో యునెస్కో దీన్ని జీవావరణ రక్షిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. వందల కిలోల బరువుండే లెదర్‌బ్యాక్ తాబేళ్లు సముద్రాలు దాటి వచ్చి ఇక్కడి గలాథియా తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. నికోబార్ మెగాపోడ్ అనే పక్షి ఇసుకను, ఆకులను కుప్పగా పోసి అందులో గుడ్లు దాస్తుంది. తల్లి పొదగనవసరం లేదు, కుప్పలోని వేడే వాటిని పొదుగుతుంది. ఎవరు నేర్పారు ఆ పక్షికి ఈ విద్య?

ఆ గలాథియా తీరంలోనే భారీ కంటైనర్ ఓడరేవు, దీవిలో విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త నగరం నిర్మించే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. మొత్తం 166 చదరపు కిలోమీటర్లలో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అటవీ భూమే. లక్షల చెట్లు కూలతాయి. ఓడరేవుకు దారి ఇవ్వడానికి 2021లోనే గలాథియా అభయారణ్యం హోదాను తొలగించారు. మలక్కా జలసంధికి దగ్గరున్న ఈ దీవి దేశ రక్షణకు కీలకమని, విదేశీ రేవులకు పోతున్న సరుకు రవాణా ఆదాయం మనకే దక్కుతుందని ప్రభుత్వం చెబుతోంది. ఈ మాటలను తేలిగ్గా తీసిపారేయలేం. సరిహద్దుల్లో కాపలా కాసే జవాన్ల కోసం ప్రతి ఆదివారం ప్రార్థించే సంఘాలు మనవి. అయితే అవసరం నిజమైనంత మాత్రాన దానికి హద్దు లేకుండా పోదు. యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినప్పుడు సైతం దాని ఫలవృక్షాలను నరకవద్దని దేవుడు ఇశ్రాయేలీయులను ఆదేశించాడు (ద్వితీ 20:19). రక్షణ అవసరానికీ దేవుడు గీత గీశాడన్నమాట!

ఇక తమ్ముడి సంగతి. ఈ దీవి అడవుల్లో షోంపెన్ తెగవారున్నారు. 2011 జనాభా లెక్కల్లో వారు 229 మందే. బయటివారి జబ్బులను తట్టుకునే శక్తి వారికి తక్కువ. తీరంలో ఉండే నికోబారీలలో అత్యధికులు మనలాగే యేసును కొలిచేవారు. కొత్త నిబంధనను నికోబారీ భాషలోకి తెచ్చిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆ జాతి బిడ్డే. 1952లో తొలి లోక్‌సభకు ఆయన నామినేట్ అయ్యారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ గ్రేట్ నికోబార్‌లోని నికోబారీల ఊళ్లను తుడిచిపెట్టింది. బతికినవారిని క్యాంప్‌బెల్ బే దగ్గరి కాలనీలకు చేర్చారు. పూర్వీకుల ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వమని వారు అడుగుతూనే ఉన్నారు. 2022లో తొలుత ఇచ్చిన సమ్మతి పత్రాన్ని, తమ పాత ఊళ్లూ ప్రాజెక్టులో ఉన్నాయని తెలిశాక, వారి గిరిజన మండలి అదే ఏడాది వెనక్కు తీసుకుంది.

ఇది చదువుతుంటే నాబోతు గుర్తుకు రావడం లేదూ? అహాబు మొదట దౌర్జన్యం చేయలేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తాను, లేదా వెల కట్టిస్తాను అని బేరమాడాడు (1 రాజులు 21). లోకం దృష్టిలో అది న్యాయమైన బేరమే. కాని పిత్రార్జితం దేవుడిచ్చిన స్వాస్థ్యమని, దానికి బదులుండదని నాబోతు నమ్మాడు. నికోబార్‌లో కూలే చెట్లకు బదులుగా వేల కిలోమీటర్ల దూరంలోని హర్యానాలో మొక్కలు నాటాలన్నది ప్రణాళిక. హర్యానాలో మొక్కలు నాటడం మంచిదే. కాని గలాథియాకు వచ్చే తాబేలు హర్యానాకు వెళ్లగలదా? షోంపెన్ తల్లి అక్కడ దుంపలు తవ్వుకోగలదా?

2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అనుమతుల్లో జోక్యం చేసుకోకుండా, కొన్ని అంశాలను తిరిగి పరిశీలించమని కమిటీని నియమించింది. న్యాయస్థానాల పని న్యాయస్థానాలది. విశ్వాసులుగా మన పని వేరే ఉంది. నాబోతు ఊరి పెద్దలు నిజం తెలిసీ నోరు మూసుకున్నారు, పైగా యెజెబెలు ఉత్తరానికి తలవంచారు. ఆ పాపంలో మనం పాలివారం కాకూడదు. ఆ దీవి సంఘాల కోసం పేరుపెట్టి ప్రార్థిద్దాం. వారి మాట వినమని పాలకులకు మర్యాదగానే, గట్టిగానే చెబుదాం. అలాగే మన ఊరి చెరువును పూడ్చి చర్చి పక్కనే వెంచర్ వేస్తుంటే మౌనంగా ఉండి, నికోబార్ కోసం కన్నీరు కార్చడం వేషధారణే అవుతుంది. భూమి యెహోవాదని కీర్తనల్లో పాడే మనం ఆ మాటను ఆరాధన ముగిశాక కూడా నమ్మాలి. తోట ఎక్కడని, తమ్ముడెక్కడని దేవుడు అడిగే రోజొకటుంది. ఆనాడు కయీను జవాబు మన నోట రాకూడదు.