రసాయన ప్రమాదం జరిగితే: ప్రాణం కాపాడుకోవడం ఎలా, పరిహారం అడగడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు సమాచారం

రణస్థలం మండలం పైడిభీమవరం చుట్టుపక్కల మందుల కంపెనీలు ఉన్నాయి. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద రసాయనాల ట్యాంకర్లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. పింఛను, రేషను గురించి మనందరికీ తెలుసు. ఫ్యాక్టరీలోనో, ట్యాంకర్ నుంచో విషవాయువు లీకైతే బాధితులకు చట్టప్రకారం సాయం అందాలన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ వివరాలే ఇవి.

విశాఖలో ఏం జరిగింది?

2020 మే 7 తెల్లవారుజామున సుమారు 3 గంటలకు విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆసుపత్రి పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా అందులో మందు కలపాలి. ఈ రెండింటిలో లోపం వల్లే ట్యాంకు వేడెక్కింది. ఫ్యాక్టరీలో సైరన్లు ఉన్నా ఊరిని హెచ్చరించడానికి మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ఆ ఆవిరి గాలికంటే బరువు, అందుకే నేలను పట్టుకుని పాకింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్డు మీదే పడిపోయారు.

ఘాటు వాసన వస్తే ఏం చేయాలి?

• ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. కొబ్బరాకు, జెండా, పొగ ఏదైనా చెబుతుంది. గాలి వెళ్లే దిక్కుకు పరుగెత్తితే విషం మీ వెంటే వస్తుంది. గాలికి అడ్డంగా, పక్కకు వెళ్లండి.
• గెడ్డలు, కాలువలు, పల్లపు దారుల్లోకి దిగొద్దు. మెరక చోటికి చేరండి.
• బయటికి వెళ్లే వీల్లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కండి. ఫ్యాను, కూలరు, ఏసీ ఆపేయండి. పొయ్యి, అగ్గిపుల్ల వెలిగించొద్దు.
• ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని పొగలోకి వెళ్లొద్దు. ఏమైందో చూద్దామని అసలు వెళ్లొద్దు.
• కళ్లు, ఒళ్లు మండితే ధారాళంగా నీళ్లు పోసి కడగండి. తడిసిన బట్టలు తీసేయండి.
• 112 లేదా 108కి ఫోన్ చేయండి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101. ట్యాంకరైతే దాని వెనక బోర్డు మీద ఉన్న నంబరును దూరం నుంచే చూసి చెప్పండి.

పరిహారం ఎవరిస్తారు?

విశాఖ ఘటనలో మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అది ఆ ఘటనకు ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. ప్రతి ప్రమాదానికీ అంతే వస్తుందని అనుకోకూడదు. ప్రభుత్వం ప్రకటించినా ప్రకటించకపోయినా మీకున్న హక్కు వేరే ఉంది. అదే 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం.

ప్రమాదకర రసాయనాలు వాడే, నిల్వచేసే, రవాణా చేసే యజమాని ముందే బీమా తీసుకోవాలని ఈ చట్టం చెబుతోంది. ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదో మీరు రుజువు చేయనక్కర్లేదు. దెబ్బ తగిలిందని, నష్టం జరిగిందని చూపిస్తే చాలు. చావు, గాయం, ఆస్తి నష్టం అన్నీ దీని కిందికి వస్తాయి. ఇక్కడ సాయం తీసుకున్నంత మాత్రాన ఇంకా ఎక్కువ పరిహారం కోసం కోర్టుకు వెళ్లే హక్కు పోదు. అక్కడ వచ్చే మొత్తంలోంచి ఇది మినహాయిస్తారు.

ఫ్యాక్టరీలో పనిచేస్తూ గాయపడినవారికి ఈ చట్టం వర్తించదు. వారికి ఈఎస్ఐ లేదా కార్మిక పరిహారం ఉంటుంది. కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీలకూ పరిహారం వర్తిస్తుంది. "నువ్వు మా మనిషివి కాదు" అని కంపెనీ అంటే నమ్మి ఊరుకోకండి, కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.

దరఖాస్తు ఎలా?

దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు ఇవ్వాలి. బాధితులు, ఆస్తి యజమాని, చనిపోయినవారి వారసులు ఎవరైనా పెట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన 5 సంవత్సరాల లోపు ఇవ్వాలి, ఆ తర్వాత తీసుకోరు. వీలైనంత వరకు 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఈ కాగితాలు జాగ్రత్త:

• ఆసుపత్రి ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు
• మరణం అయితే మరణ ధ్రువపత్రం, పోస్టుమార్టం నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం
• పశువులు చనిపోతే పశువైద్యాధికారి రాసిచ్చిన కాగితం, ఫొటోలు
• ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు

చాలామంది ఇక్కడే నష్టపోతారు. కళ్లు మండినా, ఆయాసం వచ్చినా "రెండ్రోజుల్లో తగ్గిపోద్దిలే" అని ఇంట్లోనే ఉండిపోతారు. తర్వాత అడగాలంటే చేతిలో కాగితం ఉండదు. అందుకే ఎంత చిన్న బాధ అయినా అదే రోజు ప్రభుత్వాసుపత్రికో, పీహెచ్‌సీకో వెళ్లి చూపించుకుని చీటీ రాయించుకోండి. వైద్యం అందుతుంది, సాక్ష్యమూ మిగులుతుంది.

ఇప్పుడే అడగాల్సినవి

భారీ ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీ ఏ రసాయనంతో ముప్పు ఉందో, అప్పుడు ఏం చేయాలో చుట్టుపక్కల వారికి ముందే చెప్పాలని 1989 నాటి నిబంధనలు ఉన్నాయి. ఫ్యాక్టరీ బయట ప్రజలను కాపాడే అత్యవసర ప్రణాళికపై ఏడాదికి ఒక్కసారైనా మాక్ డ్రిల్ జరగాలి. మీ ఊళ్లో చివరిసారి ఎప్పుడు జరిగింది? సైరన్ ఎలా మోగుతుంది? ఎక్కడికి చేరాలి? గ్రామసభలో ఈ మూడూ అడగండి. డ్రిల్ జరిగినప్పుడు ముసలివాళ్లను, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. రాత్రి 3 గంటలకు సైరన్ మోగితే ఎటు వెళ్లాలో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

ఈ పీడీఎఫ్‌ను మీ డ్వాక్రా సంఘం గ్రూపులో పెట్టండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.