వార్తల్లో పదం: హెచ్‌ఎస్‌జీ

సంతాన సాఫల్య కేంద్రాల వార్తల్లో కనిపించే ఈ మాట పూర్తి పేరు హిస్టరోసాల్పింగోగ్రామ్. గర్భసంచి ఆకారాన్ని, అండవాహికలు తెరిచి ఉన్నాయా లేదా అన్నదాన్ని చూపే ఎక్స్‌రే పరీక్ష ఇది.

నెలసరి ఆగాక, అండం విడుదలకు ముందే చేస్తారు. సన్నని గొట్టంతో గర్భసంచిలోకి ఎక్స్‌రేలో కనిపించే అయోడిన్ ద్రవం పంపుతారు. అది రెండు వైపులా పొత్తికడుపులోకి చేరితే దారి తెరిచి ఉన్నట్టే. మధ్యలో ఆగితే అడ్డంకి ఉండొచ్చు. వాహిక కాసేపు బిగుసుకుపోయినా అలాగే కనిపిస్తుంది, అందుకే ఇదొక్కటే తుది తీర్పు కాదు. మన దేశంలో వాహికలు మూసుకుపోవడానికి జననాంగాల క్షయ ఒక ముఖ్య కారణం.

పిల్లలు కలగకపోతే, జంగారెడ్డిగూడెంలోనైనా హైదరాబాద్‌లోనైనా లోపం ముందు భార్యలోనే వెతకడం అన్యాయం. భర్త వీర్య పరీక్ష హెచ్‌ఎస్‌జీ కన్నా తేలిక, నొప్పి ఉండదు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టరును కలవండి. అయోడిన్ పడకపోతే హెచ్‌ఎస్‌జీకి ముందే చెప్పండి.