పసిమనసు మొఱ



బిడ్డ క్రిందపడి మోకాలు కొట్టుకొని వచ్చినచో "ఈ మాత్రమునకే యేడ్పా?" యందుము. కొడుకైనచో "మగవాడవై కన్నీరు పెట్టెదవా?" యనియు, కూతురలిగినచో "ఆడపిల్లకింత కోపమేల?" యనియు మందలింతుము. బిడ్డకు ధైర్యము కలుగవలెననియే మన యుద్దేశము. కాని నిత్యము ఈ మాటలే వినిన పసివాడు తన మనసు తనకు చెప్పునది యబద్ధమని నేర్చుకొనును.

అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ట్రానిక్ సహచరులతో గూడి 1978లో ఒక పరిశోధనను ప్రకటించెను. అందు తల్లులు తమ శిశువుల యెదుట కొలది నిమిషములు ఏ భావమును చూపక నిశ్చలముఖముతో నుండిరి. శిశువులు తల్లి చూపును మరల తమవైపు త్రిప్పుకొన యత్నించి, ఫలింపకున్నంత ముఖము త్రిప్పుకొనిరి. ఏనాడో యొకమారు ఇట్లు జరిగినచో, తల్లి మరల పలుకరించిన చాలును. నిత్యమును ఇదియే యైనపుడు చింతింపవలెను.

అట్టి యిండ్ల పెరిగిన సున్నితస్వభావులు పెద్దలైన పిదప తమ భావములను తామే నమ్మజాలరని మార్షా లినెహాన్ అను విదుషి 1993లో వెలువరించిన గ్రంథమున వివరించెను. ఏమి తోచవలెనో ఇతరులను చూచి తెలిసికొందురు. కొంతకాలము అణచుకొని, ఒక్కమారుగా కట్టలు తెంచుకొందురు. మన యిండ్లలో "నాకేమి, ఏదైన సరే" యను గృహిణిని సహనవతి యని మెచ్చుకొందుము. తనకేమి కావలెనో ఆమెకే తెలియకున్నదేమో యని విచారించువారెందరు?

అట్లైన బిడ్డ కోరినదెల్ల ఈయవలెనా యందురేమో. భాగవతమునందలి సునీతిని తలచుకొనుడు. సవతితల్లి మాటలకు నొచ్చి యేడ్చుచు వచ్చిన యైదేండ్ల ధ్రువుని ఆమె తొడపై చేర్చుకొని, జరిగినది విని, తానును కన్నీరు విడిచెను. ఆ పిమ్మటనే ఇతరులకు కీడు తలంపవలదని చెప్పి, హరిని ఆశ్రయింపుమని దారి చూపెను. దుఃఖమును ఆదరించుట వేరు, పగను పెంచుట వేరు.

ఇక గాయపడిన పెద్దలకు మందేమి? లోన కలిగినది కోపమో, భయమో, అవమానమో పేరు పెట్టి, కలిగినదని యొప్పుకొనుట మొదటిది. రెండవది వ్రాత. 1986లో పెన్నెబేకర్, బీల్ అనువారు ప్రకటించిన పరిశోధనమున విద్యార్థులు నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు తమ వ్యథను వ్రాసిరి. వ్రాసిన వెంటనే దిగులు హెచ్చినను, తరువాతి నెలలలో వారు వైద్యుల యొద్దకు పోవుట తగ్గెను. మూడవది, తీర్పు చెప్పక వినగల నెచ్చెలి. వ్యథ దుర్భరమైనచో మానసికవైద్యుని చూడవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును.

మన పెద్దలు తాము వినిన మాటలనే మనకు వినిపించిరి. వారిని నిందించినందున గాయము మానదు. జరుగనే లేదనినను మానదు. నేడు మీ యింట "ఏదైన సరే" యను కోడలిని "నీకేది యిష్టమమ్మా?" యని యడుగుడు. వెంటనే బదులు రాకున్నచో కొంత వేచియుండుడు.